చేత్తో చేసి చూసే లెక్కలు: ముగ్గు, లేసు, కాగితం, దారం. మీరు చేసినవి చెప్పండి

బడిపలక
అందరికీ నమస్తే. జిల్లా పరిషత్ హైస్కూల్లో 8, 9 తరగతులకి లెక్కలు చెబుతాను. ఏటా డిసెంబర్ 22కి, రామానుజన్ పుట్టినరోజుకి, మా దగ్గర మోడల్స్ పెడతాం. ఏం వస్తాయో మీకు తెలిసిందే. థర్మోకోల్ మీద పైథాగరస్ చతురస్రాలు, చార్టు మీద పై విలువ, బజార్లో కొనుక్కొచ్చిన ఘనం, శంకువు. పక్కన ఒకరు నిలబడి బట్టీ పట్టింది గడగడా అప్పజెబుతారు. పిల్లల్ని అనడానికేం లేదు, మనం అడిగిందే వాళ్ళు చేస్తున్నారు. కానీ ఆ థర్మోకోల్ కోస్తున్నంతసేపూ వాళ్ళకి కొత్తగా తెలిసింది ఒక్కటీ ఉండదు. జవాబు ముందే పుస్తకంలో ఉంది, దానికి రంగు కాగితం అంటించారు అంతే.

నాకు కావలసింది, చేస్తూ ఉండగా ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగిపోయి “ఇదేంటి ఇలా వచ్చింది” అని వాళ్ళంతట వాళ్ళే అడిగేలాంటి పని. అడిగినదాని వెనక గట్టి లెక్క ఉండాలి. బడ్జెట్ అంటూ ఏమీ లేదు. సుద్ద, దారం, పాత కాగితాలు, కత్తెర, చీపురు పుల్లలు, ఇంతే. మీరు చేసినవి, చేయించినవి ఉంటే వివరంగా రాయండి. ఫొటో లేకపోయినా పర్లేదు, ఎలా చెయ్యాలో రాస్తే చాలు.

సందుచుక్క
టీచర్ గారూ, సుద్ద ఉంది, వరండా ఉంటుంది, మెలికల ముగ్గుతో మొదలుపెట్టండి. పువ్వులూ నెమళ్ళూ వద్దు, ఉత్త సరి చుక్కలు. అడ్డంగా 4, నిలువుగా 3 చుక్కలు పెట్టండి. గీత చుక్కని తాకకూడదు, చుక్కకీ చుక్కకీ మధ్య నుంచి ఏటవాలుగా పోవాలి, అంచుకి వచ్చినప్పుడు చివరి చుక్క చుట్టూ మెలిక తిరిగి మళ్ళీ లోపలికి ఏటవాలుగా రావాలి. ఎదురొచ్చిన గీతని దాటుకుని పోవడమే, మధ్యలో ఎక్కడా దారి మార్చకూడదు. చెయ్యి ఎత్తకుండా లాగితే 3, 4 చుక్కల ముగ్గు మొత్తం ఒక్క గీతతో అయిపోతుంది, అన్ని చుక్కలూ లోపల పడతాయి.

ఇప్పుడు 4కి 4 పెట్టమనండి. మొదలుపెట్టిన చోటికి గీత వచ్చేస్తుంది గానీ ఇంకా దారి పడని ఖాళీలు మిగిలి ఉంటాయి. మళ్ళీ ఇంకో గీత, మళ్ళీ ఇంకోటి. మొత్తం 4 గీతలు కావాలి. 4కి 6 అయితే 2 గీతలు. 5కి 7 అయితే ఒక్కటే. పిల్లల చేత ఒక పట్టిక రాయించండి, వరసలు ఇన్ని, నిలువులు ఇన్ని, గీతలు ఇన్ని అని. గ.సా.భా. (రెండు సంఖ్యల్నీ భాగించే అతి పెద్ద సంఖ్య) అని మీరు నోరు తెరిచి చెప్పొద్దు, దయచేసి. పట్టిక నిండేసరికి ఎవరో ఒకరు అనేస్తారు, అప్పుడు “6కి 9 వేస్తే ఎన్ని గీతలు, వెయ్యకుండా చెప్పండి” అని అడగండి.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, కమలా కృతివాసన్ కలిసి 1974లోనే ముగ్గుల్ని కంప్యూటర్ సైన్స్ వ్యాకరణాలుగా, అంటే బొమ్మని పుట్టించే నియమాలుగా రాసి పేపర్ వేశారు. అంగోలాలో చొక్వే జనం ఇసకలో చుక్కలు పెట్టి ఇలాంటి గీతలే గీస్తారు, వాటి మీద పాలుస్ గెర్డెస్ అనే గణితవేత్త ఏళ్ళ తరబడి పనిచేశాడు. అక్కడా ఇదే లెక్క.

లేసుసూది
నర్సాపురం దగ్గర మా ఊరు. మా అమ్మ, పెద్దమ్మ లేసు అల్లేవాళ్ళు, నాకూ వచ్చు. మాకు తెలిసిన లెక్క ఒకటి చెబుతాను. గుండ్రటి టేబుల్ మ్యాట్ పొట్టి కుట్టుతో అల్లేటప్పుడు అది బల్లపరుపుగా పడాలంటే వరసకి 6 కుట్లు పెంచాలి. 4 పెంచితే గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, 10 పెంచితే అంచు అలలు అలలుగా లేస్తుంది. మా ఇంట్లో ఇది ఎవరూ ఎవరికీ పాఠంలా చెప్పలేదు, చేతికి తెలుసు. ఆ 6 ఎక్కడిదో నేను డిగ్రీలో ఉండగా ఆలోచిస్తే తెలిసింది. పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. ఒక వరస అల్లితే వ్యాసార్ధం ఒక కుట్టంత పెరుగుతుంది, అంటే చుట్టుకొలత రెండు పై కుట్లు, 6.28 పెరగాలి. మేం 6 వేస్తాం, ఆ మిగిలిన కాస్త నూలు సాగి సర్దుకుంటుంది.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. వరసకి ఇన్ని అని కాకుండా, ప్రతి 5 కుట్లకి ఒకటి చొప్పున పెంచుకుంటూ పోతే? వరస వరసకీ 1.2 రెట్లు అవుతుంది. 20 కుట్లతో మొదలుపెడితే పదో వరసకి 120 దాటుతాయి, ఇరవయ్యో వరసకి 760 దాటుతాయి. నూలులో సగం పైగా ఆఖరి నాలుగు వరసలే తినేస్తాయి. చేతిలోకి వచ్చేది ఎటు చూసినా కుచ్చులు కుచ్చులుగా ఉండే ముద్ద. దాన్ని బల్ల మీద పరచలేం. అదే హైపర్బోలిక్ తలం, అంటే ఎక్కడ చూసినా గుర్రపు జీనులా వంగి ఉండే తలం. కార్నెల్ యూనివర్సిటీలో డైనా తైమిన్యా అనే లాత్వియా ఆవిడ 1997లో ఇలా క్రోషాతో అల్లి క్లాసుకి తీసుకెళ్ళారు. అంతకుముందు విలియం థర్స్టన్ అనే గణితవేత్త చెప్పిన పద్ధతిలో కాగితం పట్టీలు అంటించి చేసేవారట, అవి చేతిలో పట్టుకుంటే చిరిగిపోయేవి. నూలుది అయితే నలిపినా మడిచినా ఏం కాదు.

మడవడం ముఖ్యం. దాన్ని ఎక్కడ మడిచినా ఆ మడత ఒక సరళరేఖ. ఆ మడత వెంబడి వేరే రంగు దారం కుట్టండి. దానికి దూరంగా ఒక చుక్క పెట్టి, ఆ చుక్క మీదుగా మొదటి గీతని తాకని మడతలు ఎన్ని వేయగలరో చూడండి. బడిలో ఒక్కటే సమాంతర రేఖ అని చదువుకున్నాం, ఇక్కడ బోలెడు వస్తాయి. మూడు మడతలతో త్రిభుజం కుట్టి కోణాలు కొలిస్తే 180 రావు, తక్కువే వస్తాయి. త్రిభుజం ఎంత పెద్దదైతే అంత తక్కువ.

బడిపలక
లేసుసూది గారూ, ఇది చదివి రెండుసార్లు లేచి తిరిగాను! కానీ నాకు క్రోషా రాదు, పిల్లల్లో ఒకరిద్దరికి వస్తుందేమో. అందరి చేతా చేయించడానికి దీన్ని కాగితంతో ఎలాగైనా చేయవచ్చా?

లేసుసూది
చేయవచ్చు టీచర్ గారూ. గట్టి కాగితం మీద సమబాహు త్రిభుజాలు బోలెడు కోయించండి, అన్నీ ఒకే కొలత. ఒక మూల చుట్టూ 3 అంటిస్తే కోసుగా లేస్తుంది, 4 అంటిస్తే కాస్త పరుచుకుంటుంది, 5 అయితే ఇంకాస్త. 6 అయితే బల్లపరుపు, ఎందుకంటే 6 అరవైలు 360. అక్కడ ఆగకుండా ఏడోది కూడా ఇరికించి అంటించమనండి. పిల్లలు ఒప్పుకోరు, పట్టదు అంటారు. పడుతుంది, కాకపోతే బల్ల మీద పరుచుకోదు, ఒక పక్క లేస్తే ఒక పక్క దిగుతుంది. ప్రతి మూల దగ్గరా 7 వచ్చేలా అంటించుకుంటూ పోతే నేను చెప్పిన కుచ్చుల ముద్ద కాగితంలో వస్తుంది.

5 వాటిని కూడా వదలొద్దు. ప్రతి మూలకీ 5 పెట్టుకుంటూ పోతే 20 త్రిభుజాలకి బొమ్మ దానంతట అదే మూసుకుపోతుంది. అప్పుడు ఒక్కో మూల దగ్గర 360కి ఎన్ని డిగ్రీలు తగ్గాయో కూడించమనండి. ఇక్కడ 12 మూలలు, ఒక్కో చోట 60 తక్కువ, మొత్తం 720. నాలుగు త్రిభుజాల బొమ్మకి 4 మూలలు, ఒక్కో చోట 180 తక్కువ, మళ్ళీ 720. ఘనానికి 8 మూలలు, 90 చొప్పున, అదీ 720. అగ్గిపెట్టె తీసుకున్నా 720. డెకార్ట్ అనే ఫ్రెంచ్ గణితవేత్త కనిపెట్టిన సంగతి ఇది, మా పిన్ని కూతురికి చూపిస్తే ఇంట్లో ఉన్న అట్టపెట్టెలన్నీ కొలిచింది.

ఋజువుకావాలి
అందరూ బాగా రాస్తున్నారు. నేను డిగ్రీ కాలేజీలో గణితం చెబుతాను, ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. మోడల్ ఋజువు కాదు. పట్టికలో పది ముగ్గులకి గ.సా.భా. వచ్చిందంటే పదకొండోదానికీ వస్తుందని అర్థం కాదు. కాగితం 720 చూపించిందంటే అది మనం కొలిచిన బొమ్మల సంగతి మాత్రమే. పిల్లలకి చిన్నప్పుడే “చేసి చూశాం, వచ్చింది, అయిపోయింది” అనే అలవాటు పడితే తర్వాత వదిలించడం చాలా కష్టం, నా క్లాసుల్లో రోజూ చూస్తున్నాను.

ఉదాహరణ చెబుతాను. సబ్బునీళ్ళ ప్రయోగం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకల మధ్య నాలుగు మూలల్లో చిన్న పుల్లలు గుచ్చి సబ్బునీళ్ళలో ముంచి తీస్తే, పొర ఆ నాలుగింటినీ కలుపుతూ నిలుస్తుంది. 1 యూనిట్ చతురస్రానికి రెండు కర్ణాలూ గీస్తే పొడవు 2.828. సబ్బు పొర మధ్యలో చిన్న అడ్డుగీత పెట్టి, మూడు మూడు గీతలు 120 డిగ్రీల్లో కలిసేలా 2.732తో కలిపేస్తుంది. చూస్తే అద్భుతమే. దీన్నిబట్టి “సబ్బు పొర ఎప్పుడూ అతి తక్కువ పొడవే ఎంచుకుంటుంది” అని పిల్లలకి చెప్పేస్తారు. అది తప్పు. పుల్లల్ని 10 సెంటీమీటర్లు, 8 సెంటీమీటర్లు ఉన్న దీర్ఘచతురస్రంలో గుచ్చండి. నడిమి గీత పొడుగు వైపుకి పడితే మొత్తం 23.9 సెంటీమీటర్లు, పొట్టి వైపుకి పడితే 25.3. మీరు నీళ్ళలోంచి ఎటు వంచి తీశారన్న దాన్నిబట్టి రెండోది కూడా వస్తుంది, వచ్చి కదలకుండా నిలబడుతుంది. పొర తన చుట్టుపక్కల తక్కువేదో చూసుకుంటుంది, మొత్తం మీద తక్కువేదో దానికి తెలియదు. నమ్మకంతో చూసినవాడికి ఇది కనపడదు.

మడత
ఋజువుకావాలి గారూ, మీరు చెప్పింది నిజం, కానీ మీరే ఇప్పుడు ఒక మోడల్‌తో ఒక తప్పు వాదనని పడగొట్టారు కదండీ. 10, 8 పుల్లలతో 25.3 పొర చూసినవాడు “ఎప్పుడూ” అన్న మాట ఇంకెప్పుడూ తేలిగ్గా వాడడు. మోడల్ పని అదే అని నా అభిప్రాయం, అనుమానం పుట్టించడం.

ఇంకోటి. అన్ని మోడల్సూ ఉజ్జాయింపు కావు. కాగితం మడతలో వచ్చే లెక్క కచ్చితమైనది. చతురస్రం కాగితం తీసుకోండి. పై అంచు మధ్యలో చిన్న గుర్తు పెట్టుకోండి. కింద కుడి మూలని తెచ్చి ఆ గుర్తు మీద పెట్టి నొక్కండి. ఇప్పుడు పై కుడి వైపున ఒక చిన్న లంబకోణ త్రిభుజం మిగులుతుంది. కాగితం అంచు 8 సెంటీమీటర్లయితే ఆ త్రిభుజం భుజాలు 3, 4, 5. స్కేలు పెట్టి కొలిచి చెప్పడం లేదు. నిలువు భుజం ఒక క్ష అనుకుంటే కర్ణం 8 మైనస్ క్ష, అడ్డం 4, పైథాగరస్ పెడితే క్ష 3 తప్ప ఇంకోటి రాదు. 9వ తరగతి పిల్లలు చేసేస్తారు. మడిచిన కింది అంచు ఎడమ అంచుని ఎక్కడ దాటిందో చూడండి, పై నుంచి సరిగ్గా మూడింట రెండు వంతుల దగ్గర. అంటే స్కేలు లేకుండా కాగితాన్ని మూడు సమాన భాగాలు చేశాం. దీన్ని కజువో హాగా అనే జపాన్ జీవశాస్త్రవేత్త బయటపెట్టాడు.

1893లో మద్రాసులో టి. సుందరరావు గారి కాగితపు మడతల జ్యామితి పుస్తకం అచ్చయింది. ఫెలిక్స్ క్లైన్ అనే జర్మన్ గణితవేత్త దాని గురించి రాశాక ప్రపంచమంతా చదివింది. తర్వాత 1936లో ఇటలీలో మార్గెరిటా బెలోక్ ఒకే మడతలో రెండు చుక్కల్ని రెండు గీతల మీదకి తేగలిగితే మూడో ఘాతం సమీకరణాలు కూడా సాధించవచ్చని చూపించింది. గుర్తులు లేని స్కేలు, వృత్తలేఖినితో ప్రతి కోణాన్నీ మూడు సమభాగాలు చెయ్యలేం అని అందరం చదువుకున్నాం. కాగితంతో చెయ్యగలం. చేతికి వేరే పనిముట్టు ఇస్తే సాధ్యం, అసాధ్యం అనే గీతే జరిగిపోతుంది, పిల్లలకి ఇంతకన్నా చెప్పాల్సిన సంగతి నాకైతే కనపడదు.

కుంచె
ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని. ఇక్కడ అందరూ లెక్క వైపు నుంచే మాట్లాడుతున్నారు, బొమ్మ వైపు నుంచి కూడా కొంచెం. దయచేసి బొమ్మని అలంకారంగా చూడకండి. చాలా బడుల్లో “మేథ్స్ ఆర్ట్” అంటే గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి రంగులు వేయించడం. అందులో రంగు లెక్కకి పనికిరాదు, లెక్క రంగుకి పనికిరాదు.

సందుచుక్క గారి ముగ్గే తీసుకోండి. గీతలు అయిపోయాక లోపల గళ్ళు పడతాయి కదా, వాటికి రంగులు వేయించండి. షరతు ఒక్కటే, అంచు పంచుకునే రెండు గళ్ళకి ఒకే రంగు పడకూడదు. ఎన్ని రంగులు కావాలి అంటే పిల్లలు నాలుగు అంటారు, అయిదు అంటారు. రెండు చాలు. ఎంత మెలికలు తిరిగిన ముగ్గయినా రెండే చాలు. గీతలన్నీ మొదలైన చోటే కలిసిపోతాయి కాబట్టి, ఏ గడిలో ఉన్నా అక్కడి నుంచి బయటికి వచ్చేలోపు ఎన్ని గీతలు దాటామో చూస్తే సరిసంఖ్యో బేసిసంఖ్యో ఒక్కటే వస్తుంది, ఏ దారిన వచ్చినా. సరికి ఒక రంగు, బేసికి ఒక రంగు. ఇక్కడ రంగు వెయ్యడమే ఋజువు.

మ్యాన్ రే అనే ఫొటోగ్రాఫర్ 1930లలో పారిస్‌లోని పొయాంకరే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి బీరువాల్లో దుమ్ము పట్టిన గణిత మోడల్స్‌ని ఫొటోలు తీశాడు. ప్లాస్టర్‌వి, తీగలవి. సమీకరణాలతో సంబంధం లేకుండానే వాటిని చూసి కదిలిపోయాడు. ఆ మోడల్స్ చేసినవాళ్ళు అందం కోసం చెయ్యలేదు, ఆ ఆకారమే అంత.

పాల్వంచ
దారం అన్నారు కాబట్టి ఒకటి. రెండు పాత సీడీలు తీసుకుని అంచు చుట్టూ సమాన దూరాల్లో కన్నాలు పెట్టండి, సన్నటి మేకు వేడి చేసి పెట్టవచ్చు, పెద్దవాళ్ళు చెయ్యాలి. పైదానికీ కిందదానికీ నిలువుగా దారాలు కట్టి, మధ్య కన్నాల్లో పుల్ల గుచ్చి రెండింటినీ దూరంగా నిలబెట్టండి. దారాలన్నీ బిగుతుగా, స్తంభంలా ఉంటాయి. ఇప్పుడు పై సీడీని మెల్లగా తిప్పండి. దారాలు తిన్నగానే ఉంటాయి, ఒక్కటీ వంగదు, కానీ మొత్తం బొమ్మకి నడుం వస్తుంది. తిప్పినకొద్దీ రెండు సీడీలూ దగ్గరికొస్తాయి, పై సీడీని పుల్ల మీద జారనివ్వండి.

నడుం ఎంతో కొలిపించండి. 120 డిగ్రీలు తిప్పితే నడుం వ్యాసార్ధం సరిగ్గా సగం అవుతుంది, దారాలు కట్టిన వృత్తానికి. 90 తిప్పితే 0.707 వంతు. 180 తిప్పితే దారాలన్నీ మధ్యలో పుల్ల దగ్గరికి వచ్చేసి రెండు శంకువులు అవుతాయి. పదో తరగతికి వెళ్ళాక తిప్పిన కోణంలో సగానికి కొసైన్ అని తెలుస్తుంది, అప్పటికి వాళ్ళ దగ్గర కొలిచిన పట్టిక ఉంటుంది.

మా పాల్వంచలో ఈ ఆకారం చూస్తూనే పెరిగాం. కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పాత స్టేషన్ కూలింగ్ టవర్లు 8, వంద మీటర్ల పైన ఎత్తు. 2024 ఆగస్టులో కూల్చేశారు, ఊరంతా వచ్చి చూసింది. అంత వంపు తిరిగిన గోడ లోపల తిన్నటి గీతలు దాగి ఉంటాయని దారాలు తిప్పినప్పుడే నాకు ఒంటబట్టింది. రష్యాలో షుఖోవ్ అనే ఇంజనీరు 1896లో ఇదే ఆకారంతో తిన్నటి ఇనప కడ్డీలతో నీళ్ళ టవర్ కట్టాడు. వంచాల్సిన పని లేకుండా వంపు కట్టడం.

గాలిపటం
డాలస్ నుంచి. ఇక్కడ ఆదివారం తెలుగు బడిలో పిల్లలకి ఒకటి చేయించాను, అట్టముక్కలే. “టోపీ” పలక. దీని కథ పిల్లలకి చాలా నచ్చుతుంది. ఇంగ్లండ్‌లో డేవిడ్ స్మిత్ అని ఒక రిటైర్డ్ ప్రింటింగ్ టెక్నీషియన్, గణితం ఉద్యోగం కాదు, ఆకారాలతో ఆడుకోవడం ఇష్టం. 2022 నవంబర్‌లో కంప్యూటర్‌లో ఒక ఆకారం తట్టి, అది ఎలా పరుచుకుంటుందో అంతుబట్టక, అట్టముక్కలుగా కోసి బల్ల మీద పేర్చడం మొదలుపెట్టాడు. ఖాళీ లేకుండా పరుచుకుంటూ పోతోంది, కానీ డిజైన్ ఎక్కడా మళ్ళీ మొదటికి రావడం లేదు. క్రెయిగ్ కాప్లన్ అనే ప్రొఫెసర్‌కి రాశాడు. ఇంకో ఇద్దరితో కలిసి 2023 మార్చిలో ఋజువు బయటపెట్టారు. ఒక్కటే పలకతో, ఎప్పటికీ పునరావృతం కాకుండా నేలంతా కప్పవచ్చా అని యాభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న అది.

తేనెపట్టు గళ్ళ కాగితం మీద ఒక్కో షడ్భుజాన్ని గాలిపటం ఆకారంలో ఆరు ముక్కలు చేస్తే, అలాంటి 8 ముక్కలు కలిస్తే ఒక టోపీ. అట్టకి ఒకవైపు రంగు వేయించండి, ఎందుకంటే కొన్ని టోపీల్ని తిరగేసి పెట్టాలి, మామూలుగా పెట్టినవి దాదాపు ఏడింటికి తిరగేసినది ఒకటి. తిరగేసిన టోపీ ఒక్కటి వేరే రంగులో కనపడగానే పిల్లలు దాని చుట్టూ ఏముందో వెతకడం మొదలుపెడతారు. ఋజువుకావాలి గారికి ఒక మాట, ఇక్కడ ఋజువు నలుగురూ కలిసి రాశారు, కానీ ఏది ఋజువు చెయ్యాలో అట్టముక్కలే చెప్పాయి.

బడిపలక
అందరికీ చాలా చాలా థాంక్స్. ముగ్గులు మొదలుపెట్టాను. వరండాలో గుంపులుగా కూర్చోబెట్టి తలా ఒక కొలత ఇచ్చాను. ఇంట్లో ముగ్గు వేసే అలవాటున్నవాళ్ళు గీతని దారి తప్పకుండా లాగేశారు, మిగతావాళ్ళు వాళ్ళ దగ్గరికి వెళ్ళి నేర్చుకున్నారు. 4కి 6 వేసిన రెండు గుంపులకి వేరువేరు జవాబులు వచ్చి పెద్ద గొడవ, ఒక గుంపు మూల దగ్గర ఒక మెలిక మర్చిపోయింది, దాన్ని ఎదుటి గుంపే వెతికి పట్టుకుంది. పట్టికలో గ.సా.భా. అని ముగ్గురు నలుగురు ఒకేసారి అరిచారు. 6కి 9 అంటే 3 అని వెయ్యకుండానే చెప్పి, వేసి చూసుకున్నారు.

తర్వాత ఒకమ్మాయి అడిగింది, “ఎందుకు మేడమ్? గ.సా.భా. మనం భాగహారంతో చేస్తాం కదా, ముగ్గుకి భాగహారం ఎలా తెలుసు?” నేను రేపు చెబుతానన్నాను. ఋజువుకావాలి గారూ, ఇది మీకే.

ఋజువుకావాలి
ఈ ప్రశ్న మా డిగ్రీ పిల్లలు అడిగితే ఎంత బాగుండు. ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.

నిన్న రాత్రి కాగితం మీద వేసి చూశాను. ముందు 4కి 4 ముగ్గులో 4 గీతల్ని నాలుగు రంగులతో వేయించండి. ఒక్కో రంగు వంకర పెట్టెలాంటి ఆకారం, అది నాలుగు అంచుల్నీ ఒక్కొక్కసారే తాకుతుంది. ఏ చతురస్రం ముగ్గయినా అంతే. ఇప్పుడు 4కి 7 ముగ్గు తీసుకుని, పక్కన ఒక 4కి 4 ముక్కని పెన్సిల్ గీతతో వేరు చెయ్యండి. మిగిలిన వైపు నుంచి ఒక గీత ఆ పెన్సిల్ గీతని దాటి చతురస్రంలోకి వెళ్ళింది అనుకోండి. లోపల మూడు అంచులు తాకి తిరిగొస్తుంది. ఎక్కడికి? వెళ్ళిన చోటికే. ఎటు తిరిగి వస్తుంది? పెన్సిల్ గీత దగ్గరే అంచు ఉండి మెలిక తిరిగితే ఎటు వచ్చేదో సరిగ్గా అటే. అంటే ఆ చతురస్రం ఉన్నా ఒకటే, కోసి పారేసినా ఒకటే, గీతల సంఖ్య మారదు.

కాబట్టి కొయ్యండి. 4కి 7లో చతురస్రం తీస్తే 4కి 3. మళ్ళీ తీస్తే 1కి 3. 1కి 2. 1కి 1. ఒక చుక్క, ఒక గీత. 6కి 9 అయితే 6కి 3, తర్వాత 3కి 3, మూడు గీతలు. ఇది యూక్లిడ్ గ.సా.భా. పద్ధతి, ఇంకోటి కాదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తూ పోవడం. భాగహారం ముగ్గు లోపలే జరుగుతోంది. కత్తెర ఇచ్చి నిజంగానే కోయించండి.

సందుచుక్క
ఇన్నేళ్ళుగా ఈ ముగ్గులు వేస్తున్నాను, కోసి చూడాలని ఎప్పుడూ తట్టలేదు. ఇది దాచుకుంటున్నాను.

బడిపలక
కోయించాను. మొదటి బల్ల నుంచి చివరి బల్ల దాకా కాగితం ముక్కలే. చూపించగానే ఇంకో పిల్లాడు లేచాడు. పండక్కి వాళ్ళ అమ్మ వేసే ముగ్గులో అడ్డం, నిలువు చుక్కలు సమానంగానే ఉంటాయి గానీ ఒకే గీత వస్తుంది, అదెలా అని. వేసి చూపించాడు. కొన్నిచోట్ల రెండు గీతలు ఒకదాన్నొకటి దాటకుండా పక్కకి వంగి వెళ్ళిపోతున్నాయి, మధ్యలో చిన్న గోడ ఉన్నట్టు. 4కి 4ని ఒకే గీత చెయ్యాలంటే కనీసం ఎన్ని గోడలు కావాలి అని ఇప్పుడు క్లాసంతా దాని మీదే ఉంది. ఇంకా 5కి 5లో గోడలు అందంగా, అన్ని వైపులా ఒకేలా పెట్టి ఒకే గీత తేవాలట. నాలుగు గోడలతో ప్రయత్నిస్తున్నారు, రావడం లేదు.

ఋజువుకావాలి
మొదటిదానికి 3. రెండు వేరువేరు గీతలు దాటుకునే చోట గోడ పెడితే ఆ రెండూ ఒకటైపోతాయి. ఒకే గీత తనని తాను దాటే చోట పెడితే అది రెండుగా తెగుతుంది, లేదా గోడ అడ్డమా నిలువా అన్నదాన్నిబట్టి అలాగే ఉండిపోతుంది. ఎలా చూసినా ఒక గోడతో ఒక గీతకన్నా ఎక్కువ తగ్గదు. 4 గీతలు 1 కావాలంటే కనీసం 3 గోడలు, సరైన చోట పెడితే 3 సరిపోతాయి. ఆ లెక్కన 5కి 5కి 4 గోడలు.

రెండోది రాకపోవడం వాళ్ళ తప్పు కాదు. ముగ్గుని పావు వంతు తిప్పినా అదే బొమ్మ రావాలంటే నాలుగు గోడలూ ఒక జట్టుగా పడాలి. అందులో ఎదురెదురుగా ఉన్న రెండు గోడలూ అవే రెండు గీతల మధ్య పడతాయి, రంగులతో వేసి చూస్తే కనపడుతుంది. మొదటి గోడ ఆ రెండింటినీ కలిపేశాక రెండో గోడకి కలపడానికి ఏమీ మిగలదు. నాలుగు గోడల్లో పనికొచ్చేవి రెండే, కాబట్టి 5 గీతలు 3 కన్నా కిందికి దిగవు. ఎంతసేపు ప్రయత్నించినా రాదు.

కానీ అద్దంలో చూసినట్టు ఎడమా కుడీ మాత్రమే ఒకేలా ఉంటే చాలు అనుకుంటే 4 గోడలతో వస్తుంది. వేసి చూసుకున్నాను. ఎక్కడ పెట్టాలో రాయడం లేదు.

కుంచె
పావు తిప్పుడు ముగ్గు 4 గోడలతో రాదని తెలిసింది, మరి 8తో వస్తుందేమో ఈ రాత్రి చూస్తాను. గోడకి ఒక రంగు, గీతకి ఒక రంగు పెట్టి వేస్తే తేలిగ్గా ఉంటుంది టీచర్ గారూ, పిల్లలకి కూడా అలాగే చెప్పండి.

బడిపలక
సరే అండి. ఎడమ కుడి ముగ్గు జవాబు మాత్రం ఇక్కడ ఎవరూ పెట్టకండి, మా క్లాసులో ఫోన్లున్న అక్కలూ అన్నలూ చూసి చెప్పేస్తారు. సోమవారం 5కి 5 చుక్కలు పెట్టి వదిలేస్తున్నాను, రంగు సుద్దలు కొన్నాను. పాల్వంచ గారూ, సీడీలు దొరకడం లేదు, గట్టి అట్ట సరిపోతుందా, దారం లాగితే వంగిపోతుందా?

పాల్వంచ
ఒక అట్టయితే వంగుతుంది. రెండు మూడు పొరలు అంటించి, కన్నాలు అంచుకి మరీ దగ్గరగా కాకుండా వేలి వెడల్పంత లోపలికి పెట్టండి. దారం బదులు సన్నటి ఎలాస్టిక్ వాడితే ఇంకా మంచిది, తిప్పినప్పుడు సాగుతుంది కాబట్టి అట్ట మీద లాగుడు మరీ ఎక్కువ పడదు, ఎత్తు కూడా మారకుండా నిలబెట్టవచ్చు.